ఇంకో కొండ

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన ఇరవై రెండేళ్లలో మా అత్త నోరు తెరిచి నాకు ఇది కావాలి అనడం నేను ఒక్కసారే విన్నాను. ఆ ఒక్కసారికి ఏం జరిగిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. చల్లారాక రాద్దామని కొన్నాళ్లు ఆగి చూశాను. చల్లారలేదు. అందుకని ఇలాగే రాస్తున్నాను.

అది చింతపండు కాలం. ఒక ఆదివారం మధ్యాహ్నం చిత్తూరులో మా ఇంటి వసారాలో అత్త కాళ్లు బారజాపుకొని కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. పక్కనే కూర్చుని నేను ఫోను చూస్తున్నాను. ఊటీ కొండ ఎక్కే చిన్న రైలు వీడియో ఒకటి వచ్చింది. నీలం పెట్టెలు, పక్కనే లోయ, సొరంగంలోకి పోగానే పిల్లలూ పెద్దలూ కలిసి పెట్టే కేకలు. ఆ కేకలకు అత్త తలెత్తింది. ఫోను ఆమె వైపు తిప్పాను.

"ఇంజను యాడుండాది మే? ముందర కనపళ్లేదే."

"వెనకుండాది అత్తా. వెనక నుంచి తోస్తాది. పట్టాల నడిమధ్యలో పళ్లుండే పట్టా ఒకటుంటాది, దాన్ని పట్టుకోని ఎక్కతాది."

"వెనక నుంచి తోస్తే అంత బండి ఎక్కేస్తాదా! ఏదీ, మళ్లా పెట్టు."

మూడుసార్లు చూసింది. వేళ్లకు చింతపండు అంటుకుని ఉందని మణికట్టుతోనే నా చేతిని తన వైపు లాక్కుంది. నాలుగోసారి పెట్టమని అడగలేదు. మళ్లీ గింజలు తీస్తూ, నా ముఖం చూడకుండా, "నేనీ రైలెక్కల్ల" అంది.

ఎక్కాలి అనే ఆ మాట ఎంత పెద్దదో తెలియాలంటే ఆమె తిరిగిన ఊళ్లేమిటో చెప్పాలి. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు పోయింది. మామను ఆస్పత్రిలో చూపించడానికి వేలూరు పోయింది. పొలం గట్టు తగాదాలో ప్రమాణం చేయాల్సి వస్తే కాణిపాకం పోయింది. తాను చెప్పేది నిజమే అయినా ఆ రోజు దేవుడి ముందు ప్రమాణం చేయడానికి భయపడ్డానని చెబుతుంది. పెళ్లిళ్లకు పోయింది, చావులకు పోయింది. తిరుమలకు ఎన్నిసార్లు పోయిందో ఆమెకే తెలియదు. ప్రతిసారీ ఎవరిదో ఒక మొక్కు: పెద్దకొడుకు పరీక్ష, చిన్నకొడుకు జ్వరం, నా కాన్పు. ఊరికే, కళ్లారా చూసి రావడానికి, తన కోసం ఒక్క ఊరికి పోలేదు. అరవై ఆరేళ్లు వచ్చాయి. మోకాళ్లు అరిగిపోయాయని, ఏడాదిలోపు ఆపరేషన్ చేయించుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? ఎక్కితే ఈ వేసవిలోనే ఎక్కాలి.

నేను స్కూల్లో లెక్కలు చెబుతాను. ఈ ప్రయాణం నాకు మంచి లెక్కలా కనిపించింది. కొండ రైలు మేట్టుపాళయంలో పొద్దున్నే బయలుదేరుతుంది. దాన్ని అందుకోవాలంటే ముందురోజు కాట్పాడిలో ఇంకో రైలు ఎక్కాలి. రెండు రైళ్లకూ టికెట్లు దొరకాలి, రెండూ కలవాలి. రెండు నెలల ముందు పొద్దున ఎనిమిది గంటలకు తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అయిపోతాయి. మొదటిరోజు మా పేర్లు కొట్టేలోపు అయిపోయాయి. రెండోరోజు పేర్లన్నీ ముందే రాసిపెట్టుకున్నాను, అయినా ఓటీపీ వచ్చేలోపు అయిపోయాయి. మూడోరోజు స్కూల్లో పిల్లలు ప్రేయరుకు నిలబడి ఉంటే నేను స్టాఫ్ రూమ్ తలుపు దగ్గరికి వేసుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. దొరికాయి. అత్తకు, నాకు, మా ఆయనకు, మూడు. మే నెల మొదటి శనివారం. ఆ రోజు ఏడో తరగతి పిల్లలు ఏం తప్పు చేసినా నేను తిట్టలేదు.

అత్త కోసం స్వెట్టరు కూడా కొన్నాను. మార్చి నెలాఖరు ఎండలో, ఫ్యాను కింద నిలబడి ఆమె దాన్ని తొడుక్కుని, చెమటలు కారుతుంటే, "బాగుండాదా మే?" అని అడిగింది. విప్పమన్నా విప్పలేదు. కాఫీ తాగేదాకా అలాగే ఉంది.

ఇక చుట్టాలు మొదలుపెట్టారు. మా ఆడబిడ్డ ఫోన్ చేసి, "అంత దూరం పోతాండారు గదా, దావలో పళని కూడా సూసుకోని రాండి" అంది. పళని మా దారిలో లేదు. ఉన్నా నేను పోను. పక్కింటావిడ, "ఈ వయసులో సలికి మోకాళ్లు పట్టేస్తాయి తల్లీ" అంది. ఆమె అదే వయసులో బదరీకి పోయి మంచులో ఫోటోలు దిగి వచ్చింది. అది యాత్ర, ఇది షికారు. షికారు అనగానే మోకాళ్లు గుర్తొస్తాయి. మా ఆయన అయితే అన్నం తింటూ, "ఆడ యేముండాదని? కొండలే గదా. మనకు లేవా కొండలు?" అన్నాడు. ఉన్నాయి. కిటికీలోంచి కనిపిస్తున్నాయి. ఆయన ఆఫీసువాళ్లతో రెండుసార్లు కొడైకెనాల్ పోయి వచ్చాడు. అప్పుడు ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు.

మా ఇళ్లల్లో ఆడమనిషి గడప దాటాలంటే ఒక కారణం చూపించాలి. పెళ్లి, చావు, ఆస్పత్రి, మొక్కు. ఈ నాలుగింట్లో ఏదీ కాకపోతే అందరికీ ఏదో తప్పు జరుగుతున్నట్టు ఉంటుంది. నేను ఎవరికీ కారణం చెప్పలేదు. "చూడాలని ఉంది, చూపిస్తున్నాను" అన్నాను. అదే వాళ్లకు మింగుడు పడలేదు.

ఇంతలో ఒక సాయంత్రం తిరుపతి నుంచి మా మరిది ఫోన్ చేశాడు. అత్త సంబరం ఆపుకోలేకపోయింది.

"మే నెల మొదటి శనివారం కొండకు పోతాండాంబ్బా. రైల్లో. కోడలు టికెట్లు కూడా తీసేసింది" అని చెప్పింది.

నేను వంటింట్లోంచి విన్నాను. విని నవ్వుకున్నాను కూడా. అందులో ఉన్న ముప్పు నాకు తట్టలేదు. నా బుద్ధికి నన్నే తిట్టుకోవాలి. తిరుపతి, చిత్తూరు మనుషులకు కొండ అంటే ఒక్కటే. వేరే ఊరివాళ్లు తిరుమల అంటారు, మేము కొండ అంటాం. కొండకు పోయినాం, కొండ మీద గది దొరకలేదు, కొండ దిగినాం. పేరు చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మా మరిది తన తల్లి చిత్తూరులో రైలెక్కి తిరుపతి వచ్చి స్వామి దర్శనానికి పోతుందని అనుకున్నాడు. "ఆ రోజా? సరేమా, నేను సూసుకుంటా" అన్నాడు. అత్త ఆ మాటకు, రైలు దగ్గరికి వచ్చి సాగనంపుతాడు కాబోలని అనుకుంది.

మా మరిది గురించి ఒక మాట చెప్పాలి. తిరుపతిలో ఉండే మనిషికి దేశమంతా చుట్టాలే. ఎప్పుడో ఒకసారి పెళ్లిలో కలిసినవాడు కూడా ఫోన్ చేసి దర్శనం చేయించమంటాడు. కొందరు ఆ ఫోన్లకు విసుక్కుంటారు. మా మరిదికి అదే పండగ. ఎవరెవరినో పట్టుకుని, సిఫారసు ఉత్తరాలు రాయించి, చుట్టాలందరికీ దర్శనాలు చేయించాడు. ఇంట్లో ఎవరు కలిసినా ముందు ఆ కథే చెబుతాడు. పోయినసారి ఎంత దగ్గరగా నిలబెట్టించాడో, ఎంతసేపు నిలబెట్టించాడో.

ఏప్రిల్లో ఒక ఆదివారం ఆయన చిత్తూరు వచ్చాడు. చెప్పులు విప్పకముందే జేబులోంచి ఒక ఉత్తరం తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

"మే నెల మొదటి శనివారమమ్మా. నువ్వు చెప్పిన రోజే. మనందరి పేర్లూ రాయించినా. ఎట్లాంటి దర్శనమో సూడు!"

అత్త ఉత్తరం వైపు చూసింది, నా వైపు చూసింది. "నేను చెప్పిన కొండ వేరే అబ్బా" అంది.

"వేరే కొండా?" అని మరిది నవ్వాడు. "కొండంటే ఇంకో కొండ యాడుండాదమ్మా?"

నేను చెప్పాను. ఊటీ, రైలు, టికెట్లు, అన్నీ చెప్పాను. ఆయన నవ్వు పోయింది. కానీ ముఖంలో పొరపాటు చేశాననే జాడ లేదు. చేసింది నేనన్నట్టు నన్నే చూశాడు.

"పోతే పోయింది అబ్బా, ఉత్తరం ఇంకో రోజుకు మార్పించు" అన్నాను.

"ఎట్లా మార్పించేది వదినా? పెద్దమనిషి దగ్గర రెండు గంటలు కూర్చోని రాయించినా. ఇప్పుడు పోయి మా యమ్మ రైలెక్కతాదంట, ఇంకో రోజుకు రాసీమంటే నా ముఖమేం గావల్ల? మీరే రైలు ఇంకో రోజు పోండి."

నేను మూడురోజులు ఊపిరి బిగబట్టి తీసిన టికెట్లు ఇంకో రోజుకు మార్చుకోవచ్చు. ఆయన ముఖం మాత్రం మార్చకూడదు. ఆ మాటే అనేశాను. మా ఆయన అడ్డం వచ్చాడు.

"కోపమెందుకు? స్వామి పిలిచినాడు. పిలిస్తే రామంటామా?"

"పిలిచింది స్వామి కాదు, మీ తమ్ముడు" అన్నాను.

ఆ తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. దేవుడి మాటకు ఎదురు చెప్పానన్నారు. చదువుకున్న పొగరన్నారు. చివరికి మా ఆయన తల్లి వైపు తిరిగి, "అమ్మా, నువ్వే చెప్పు. నీకు స్వామి దర్శనం కావల్లనా, రైలు కావల్లనా?" అని అడిగాడు. ఎంత బాగా అడిగాడో చూడండి. ఊరిలో ఏ ముసలామె అయినా స్వామి వద్దు, రైలు కావాలి అని నోటితో అనగలదా? అత్త ఉత్తరాన్ని మడతపెట్టి దేవుడి పటం దగ్గర పెట్టింది. "మీ ఇష్టం బ్బా" అని లోపలికి పోయింది.

ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది. ఇంత చేస్తే ఒక్క మాట అనలేకపోయిందే అని. వంటింట్లోకి పోయి అడిగాను కూడా. "నీకోసం నేను వాళ్లందరితో తగువు పడతాంటే నువ్వు మీ ఇష్టమంటావా?" అన్నాను. ఆమె బియ్యం కడుగుతోంది. "తగువు పడి పోతే ఆడ యేం బాగుంటాది మే" అంది. నేను గిన్నె ఒకటి కావాలనే పెద్ద చప్పుడుతో పెట్టాను.

అయినా నేను వదలదలచుకోలేదు. మగవాళ్లు దర్శనానికి పోనీ, నేనూ అత్తా రైలుకు పోదామని మనసులో అనుకున్నాను. మూడో టికెట్ ఖాళీగా పోతే పోనీ. గురువారం స్కూల్లో పేపర్లు దిద్దుతుంటే ఫోన్లో మెసేజ్ వచ్చింది. మూడు టికెట్లూ రద్దయ్యాయి. టికెట్లు తీసిన ఖాతా ఇంట్లో అందరిదీ ఒకటే, పాస్‌వర్డ్ మా ఆయనకు తెలుసు. నాకు ఒక్క మాట చెప్పకుండా తీసేశాడు. ఫోన్ చేస్తే, "అనవసరంగా సీట్లు ఖాళీగా పోతాయి గదా, వేరేవాళ్లకన్నా పనికొస్తాయని" అన్నాడు. ఎక్కడో తెలియనివాళ్ల మీద ఆయనకు అంత దయ. ఎర్ర సిరా పెన్ను నా చేతిలోనే ఉంది. ఆ తర్వాత దిద్దిన పేపర్ల పిల్లలకు నేను క్షమాపణ చెప్పుకోవాలి.

వారం రోజులు నేను మా ఆయనతో మాట్లాడలేదు. ఆయనకు అది పెద్దగా పట్టినట్టు లేదు. అన్నం పెడుతున్నాను కదా.

మే నెల మొదటి శనివారం మేమందరం కొండకు పోయాం. ఇంకో కొండ లేని ఆ కొండకు. నాకు స్వామి మీద కోపం లేదు. ఆయన ముందు నిలబడితే ఎప్పటిలాగే కళ్లు తడిసాయి. కోపమంతా మా మనుషుల మీదే. ఆ రైలు అదే పొద్దున మేట్టుపాళయంలో కదిలి ఉంటుంది. మా సీట్లలో ఎవరో కూర్చుని ఉంటారు. క్యూలో నడుస్తున్నంతసేపూ గడియారం చూసుకుంటూ ఇప్పుడు మొదటి సొరంగం వచ్చి ఉంటుంది, ఇప్పుడు కూనూరు వచ్చి ఉంటుంది అనుకుంటూనే ఉన్నాను.

దర్శనం అయ్యాక బయట ఒక చెట్టు నీడలో కూర్చున్నాం. మరిది ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"ఎట్లుండాది దర్శనం? బాగా సూసినావా అమ్మా? ఎంత దగ్గరగా పోయినామో సూడు. ఏం మొక్కుకున్న్యావు?"

అత్త లడ్డూ తుంచుతోంది. ఒక ముక్క నాకిచ్చి, ఒక ముక్క పెద్దకొడుక్కిచ్చి, అప్పుడు చెప్పింది.

"ఆ రైలెక్కితే తలనీలాలిస్తానని మొక్కినా."

మా ఆయన నమలడం ఆపేశాడు.

"అదేం మొక్కుమా? అట్లాంటి మొక్కు ఎవురన్నా మొక్కతారా?" అన్నాడు మరిది.

"నోట్లో నుంచి వచ్చేసిందబ్బా. స్వామి ముందర అనేసిన మాట. తీర్చుకోల్లేదంటే నాకేం, నేను ముసిల్దాన్ని. మీకే, పిల్లలుండే వాళ్లకు."

ఇద్దరు కొడుకులూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మరిది జేబులోంచి ఫోన్ తీశాడు. "ఆ రైలు పేరేంది వదినా?" అని అడిగాడు. నేను పేరు చెప్పాను. చెట్టు కిందే నిలబడి, ఆ వేసవిలో సీట్లు లేవని తెలిసి, ఎవరికో ఫోన్ చేసి, ఇంకెవరినో అడిగి, సాయంత్రం మేము కొండ దిగేలోపు జులైలో రెండో శనివారం ఎలా పోవాలో మొత్తం తేల్చేశాడు. బస్సులో మా ఆయన నా పక్కన కూర్చుని, "మొక్కు కదా, తీర్చాల్సిందే" అన్నాడు, నేనేదో అడ్డం చెబుతున్నట్టు. నాకు సంతోషం కలగాల్సింది. కలగలేదు. నెల రోజులు నేను చెప్పింది, బతిమాలింది, అరిచింది ఒక్క చెవికీ ఎక్కలేదు. మొక్కు అనగానే అందరికీ చెవులొచ్చాయి.

తర్వాత శుక్రవారం అత్త తలంటుకోవడానికి నేను నూనె పెడుతున్నాను. ఆమె జుట్టు తెల్లబడింది గాని పలచబడలేదు. విప్పితే ఇప్పటికీ నడుము కిందకు వస్తుంది. ఇంటికి వచ్చిన ఆడవాళ్లు ముట్టుకుని చూసి అడుగుతుంటారు. ఆమె తన గురించి గొప్పగా చెప్పుకునేది అదొక్కటే.

"అత్తా, నిజంగా అదే మొక్కినావా?" అని అడిగాను.

"లేదు మే" అంది. "స్వామి ముందర నిలబడితే నాకు ఏమీ గుర్తు రాలేదు. బయట వాడు అడిగినాడు సూడు, అప్పుడు తట్టింది."

నేను పెద్దగా నవ్వేశాను. నెల రోజుల తర్వాత వచ్చిన నవ్వు. "అయితే జుట్టు ఇయ్యాల్సిన పనే లేదు గదత్తా. రైలెక్కి వచ్చేద్దాం. వాళ్లకేం తెలస్తాది" అన్నాను.

"ఇయ్యల్ల మే. స్వామి పేరు చెప్పి బిడ్డలకు అబద్ధం చెప్పినా గదా. మొక్కు లేకపోయినా దానికోసమన్నా ఇయ్యల్ల."

నేను ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు రైలుకు ఇంకో మూడు వారాలుంది. మరిది తన తల్లి స్వామికి ఎలాంటి మొక్కు మొక్కిందో తిరుపతి అంతా చెప్పుకుంటున్నాడట, గర్వంగా. గుండు కొట్టించే చోట వరుసలో నిలబడకుండా తానే మాట్లాడి పెడతానంటున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పొద్దని అత్త నా చేత ఒట్టు వేయించుకుంది. శుక్రవారం శుక్రవారం నేను ఆ జుట్టుకు నూనె పెడుతున్నాను, చిక్కు తీస్తున్నాను, జడ వేస్తున్నాను. కొడుకులిద్దరూ ఆ జడ పక్కనుంచే తిరుగుతున్నారు. వాళ్లను చూసిన కోపంలో దువ్వెన ఎక్కడ గట్టిగా తగులుతుందోనని పక్కన పెట్టి వేళ్లతోనే దువ్వుతున్నాను.